పలుగురాయి దుమ్ము, బీడీ, పాత టీబీ: మా నాయనకి వచ్చింది క్యాన్సరేనా డాక్టర్ గారూ?

ప్రశ్న: నమస్తే డాక్టర్ గారూ. మాది నెల్లూరు జిల్లా, సైదాపురం దగ్గర పల్లె. మా నాయనకి 56 ఏళ్లు. చిన్న వయసులోనే మైకా గనిలో పనికి పొయ్యాడు, తర్వాత పలుగురాయి క్వారీలో డ్రిల్లింగు, ఆఖర్న రాయిని పొడి కొట్టే మిల్లులో చేశాడు, అంతా కలిపి పాతికేళ్ల పైనే. రోజుకి ఒక కట్ట బీడీలు తాగుతాడు. నాలుగేళ్ల కిందట టీబీ అంటే ఆరు నెల్లు మందులు పూర్తిగా వాడాడు. ఇప్పుడు మూణ్ణెల్లుగా దగ్గు తగ్గడంలా, రెండుసార్లు కళ్లెలో రక్తం జీర కనపడింది, ఆరేడు కిలోలు తగ్గాడు, గొంతు కూడా బొంగురు పోయింది. ఇక్కడ ఒక డాక్టర్ ఎక్స్‌రే చూసి మళ్లీ టీబీనే అని మందులు మొదలుపెట్టాడు, కళ్లె టెస్టు చేయించలా. ఎడమవైపు పైన గడ్డలాగా ఉందని ఎక్స్‌రే తీసినాయన అన్నాడు. అసలు గని దుమ్ముతో క్యాన్సర్ వస్తుందా? మా మామేమో దుమ్ముతో రాదు, బీడీతోనే వస్తుంది, పైగా సూదితో ముక్క తీస్తే ఒళ్లంతా పాకుతుంది వద్దంటున్నాడు. మా తమ్ముడు కూడా క్రషర్‌లో పని చేస్తన్నాడు. ఏం చేసేది చెప్పండి.
ఒక పాఠకుడు, నెల్లూరు జిల్లా

జవాబు: ముందు అర్జెంటు మాట చెప్పేస్తా, మిగతాది నిదానంగా చదవండి. మీరు రాసిన నాలుగు లక్షణాలు, అంటే మూడు నెలల దగ్గు, కళ్లెలో రక్తం, బరువు తగ్గడం, గొంతు బొంగురు పోవడం, ఇవి అన్నీ కలిసి ఉన్న మనిషికి, అందులోనూ పాతికేళ్లు రాతి దుమ్ములో ఉండి బీడీ తాగే మనిషికి, ఒక్క ఎక్స్‌రే చూసి టీబీ అని తేల్చేసి ఊరుకోకూడదు. టీబీ కాదు అని నేను అనట్లేదు, అయ్యుండొచ్చు కూడా. కానీ ఈ వారంలోనే కళ్లె టెస్టు, ఛాతీ సీటీ స్కాన్ రెండూ జరగాలి. మొదలుపెట్టిన టీబీ మాత్రలు మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు, ఛాతీ డాక్టర్ చూసి చెప్పేదాకా వాడుతూనే ఉండండి.

ఇక మీ అసలు ప్రశ్న. దుమ్ముతో క్యాన్సర్ వస్తుందా అంటే వస్తుంది, ఇందులో అనుమానం ఏమీ లేదు. పలుగురాయి అంటే దాదాపు మొత్తం సిలికానే. గనుల్లో, క్వారీల్లో పీల్చే ఈ సిలికా దుమ్ము మనుషుల్లో క్యాన్సర్ తెప్పిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లోనే చెప్పి, పొగాకు ఏ లిస్టులో ఉందో అదే మొదటి గ్రూపులో దీన్ని పెట్టింది. తర్వాత మళ్లీ పరిశీలించినా అదే మాట మీద ఉంది. ఈ దుమ్ము పేరుకుని ఊపిరితిత్తులు మచ్చలు పడి గట్టిపడే జబ్బుని సిలికోసిస్ అంటారు, ఆ మచ్చలు పడిన వాళ్లకి లంగ్ క్యాన్సర్ రిస్క్ మామూలు వాళ్లతో పోలిస్తే సుమారు రెట్టింపు ఉంటుంది. మచ్చలు ఇంకా కనపడని వాళ్లకి, జన్మలో బీడీ ముట్టని వాళ్లకి కూడా, దుమ్ములో ఎన్నేళ్లు ఎక్కువ ఉంటే అంత రిస్క్ పెరుగుతుంది.

మీ మామ అన్నదాంట్లో సగం నిజం ఉంది, బీడీతో క్యాన్సర్ వచ్చే మాట నిజమే, కానీ ఆ సగం పట్టుకుని దుమ్ముని వదిలేస్తేనే ప్రమాదం. రెండూ కలిసిన మనిషికి రిస్క్ ఒక్కోదానితో విడిగా వచ్చేదానికంటే చాలా ఎక్కువ. బీడీలో పొగాకు కొంచెమే కదా అనుకుంటారు మనవాళ్లు, అది ఆరిపోకుండా ఉండాలంటే మాటిమాటికీ గట్టిగా లాగాలి, ఆ లాగడంలో పొగ లోపలికంటా పోతుంది. ఇంకో సంగతి, బీడీ తాగాడు కాబట్టి తప్పంతా ఆయనదే అని గనుల వాళ్లు చేతులు దులుపుకోవడానికి ఈ మాట బాగా పనికొస్తుంది, అది నాకు చాలా బాధ కలిగించే విషయం. పాతికేళ్లు ఆ దుమ్ములో పని చేయించుకున్న వాళ్ల బాధ్యత బీడీ కట్టతో కొట్టుకుపోదు.

చాలామంది మైకా పనివాళ్లు మేం చేసింది మైకాలో, రాతిలో కాదు కదా అంటారు. మైకా భూమిలో విడిగా దొరకదండీ, పలుగురాయి, చంద్రకాంత రాయి లాంటి వాటితో కలిసి ఉంటుంది. ఆ పొర దాకా పోవాలంటే పలుగురాయిని తొలవాల్సిందే, పగలగొట్టాల్సిందే. అంటే మీ నాయన పేరుకి మైకా గనిలో చేసినా ఆయన పీల్చింది సిలికానే. ఆ తర్వాత చేసిన పొడి మిల్లు పని ఇంకా ఘోరం, ఎందుకంటే అప్పుడే పగిలిన సిలికా రేణువులు పాతబడ్డ దుమ్ముకంటే ఎక్కువ హాని చేస్తాయి, మిల్లులో అచ్చంగా అదే తయారవుతుంది.

అది లోపల ఏం చేస్తుందో చెప్తా వినండి. జాక్‌హామర్ పట్టుకుని పొడిగా తొలిచే మనిషిని చూసే ఉంటారు, కనుబొమ్మలు, రెప్పల వెంట్రుకలు కూడా తెల్లగా అయిపోతాయి, మూతికి తువ్వాల చుట్టుకుని ఉంటాడు. కంటికి కనపడే ఆ తెల్లపొడిలో ఎక్కువ భాగం ముక్కులోనో గొంతులోనో ఆగిపోతుంది, దగ్గితే వచ్చేస్తుంది. మనల్ని చంపేది కనపడనిది. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు అనుకుంటే, ఊపిరితిత్తుల చివరి గాలి గదుల దాకా పోయే రేణువు 5 మైక్రాన్లు కూడా ఉండదు, తువ్వాల నేతలోంచి సులభంగా దూరిపోతుంది. లోపలికి పోయిన రేణువుని మన రక్షణ కణాలు మింగుతాయి, కానీ అరిగించుకోలేక చచ్చిపోతాయి, రేణువు మళ్లీ బయటపడుతుంది, ఇంకో కణం మింగుతుంది, అదీ చస్తుంది. ఏళ్ల తరబడి ఇదే జరిగి అక్కడ వాపు, మచ్చ, గట్టిపడటం. ఆ ఆరని వాపులోనే కణాల డీఎన్ఏ దెబ్బతిని క్యాన్సర్‌కి దారి పడుతుంది. అందుకే పని మానేసి పదేళ్లు అయినా జబ్బు ముదురుతూనే ఉంటుంది, క్యాన్సర్ అయితే పని మొదలుపెట్టిన ఇరవై ముప్పై ఏళ్లకి కూడా బయటపడొచ్చు. పని మానేసి చాన్నాళ్లయింది కదా అని డాక్టర్ దగ్గర గని మాటే ఎత్తరు చాలామంది, ఆయనా అడగడు, ఎక్స్‌రేలో మచ్చలు చూడగానే టీబీ అని రాసేస్తాడు.

ఈ గందరగోళం ఎందుకొస్తుందంటే సిలికోసిస్, టీబీ, క్యాన్సర్ మూడూ ఎక్స్‌రేలో ఒకదాన్ని పోలి ఒకటి ఉంటాయి. సిలికోసిస్ మచ్చలు ఊపిరితిత్తుల పైభాగంలోనే ఎక్కువ, ఆవాలు చల్లినట్టు చిన్న చిన్న చుక్కలుగా ఉంటాయి, ముదిరితే ఆ చుక్కలన్నీ కలిసి పెద్ద గడ్డలా అవుతాయి. టీబీ కూడా పైభాగాన్నే ఇష్టపడుతుంది. క్యాన్సర్ గడ్డ ఈ మచ్చల మధ్య దాక్కుని ఉంటే ఎక్స్‌రేతో విడదీయడం పెద్ద డాక్టర్లకి కూడా కష్టం. పైగా సిలికా ఉన్న ఊపిరితిత్తికి టీబీ చాలా తేలిగ్గా పట్టుకుంటుంది, తిరగబెడుతుంది కూడా, కాబట్టి మీ నాయనకి నాలుగేళ్ల కిందట వచ్చింది నిజమైన టీబీనే అయ్యుండొచ్చు. మూడూ ఒకే మనిషిలో ఉండటం కూడా జరుగుతుంది. అందుకే ఒకటి దొరికింది కదా అని వెతకడం ఆపకూడదు.

ఇప్పుడు చేయాల్సినవి. నెల్లూరు ప్రభుత్వ పెద్దాసుపత్రిలో ఛాతీ విభాగం ఉంది, అక్కడికి తీసుకెళ్లండి, ఒంగోలు వైపు వాళ్లయితే ఒంగోలు పెద్దాసుపత్రికి. కళ్లెలో టీబీ క్రిమి ఉందో లేదో మెషీన్‌తో చూసే సీబీనాట్ టెస్టుకి ఇవ్వండి, ప్రభుత్వంలో ఫ్రీ. అయితే ఒక మాట, టీబీ ఒకసారి వచ్చి తగ్గిన వాళ్లలో చచ్చిపోయిన క్రిములకి కూడా ఆ టెస్టు పాజిటివ్ చూపించొచ్చు, అందుకని కల్చర్‌కి, అంటే బతికున్న క్రిములు పెరుగుతాయా అని చూసే టెస్టుకి కూడా పంపమని అడగండి. టీబీ అని తేలితే మందులు ఫ్రీ, తిండి కోసం నెలకి 1000 రూపాయలు కేంద్రం ఇస్తుంది, పేరు నమోదు చేయించుకోండి. సిలికోసిస్ ఉంటే మందుల కోర్సు మామూలుకంటే పొడిగించాల్సి రావొచ్చు, అది ఛాతీ డాక్టర్ నిర్ణయిస్తారు.

సీటీ స్కాన్ కాంట్రాస్ట్‌తో, అంటే గడ్డ స్పష్టంగా కనపడేలా నరానికి మందు ఎక్కించి తీయాలి. నాలుగేళ్ల కిందటి టీబీ అప్పటి ఎక్స్‌రే ఇంట్లో ఎక్కడో బియ్యం డబ్బా మీదో పెట్టెలోనో ఉంటుంది, దాన్ని వెతికి తీసుకెళ్లండి. అది బంగారంతో సమానం, ఎందుకంటే ఈ గడ్డ అప్పుడే ఉండి ఇప్పటికీ అంతే ఉందా, లేక కొత్తగా వచ్చిందా, పెరుగుతోందా అనేది ఆ రెండు ఫిల్ములు పక్కపక్కన పెడితే సగం తెలిసిపోతుంది. గొంతు బొంగురు గురించి మర్చిపోకుండా చెప్పండి, స్వరపేటికకి పోయే ఎడమ నరం ఛాతీలోకి దిగి మళ్లీ పైకి వస్తుంది, ఎడమవైపు గడ్డ కానీ వాచిన లింఫు బిళ్లలు కానీ దాన్ని నొక్కితే గొంతు అలా పోతుంది, ఈఎన్‌టీ డాక్టర్ కెమెరాతో చూసి చెప్తారు.

కొందరు పెట్ స్కాన్ తీస్తే తేలిపోతుంది అంటారు. మామూలు మనిషిలో అది బాగా పనికొస్తుంది కానీ సిలికా గడ్డ కూడా పెట్‌లో వెలుగుతుంది, టీబీ కూడా వెలుగుతుంది, కాబట్టి గని పనివాళ్లలో దాని ఒక్కదాన్నే నమ్మి క్యాన్సర్ అనలేం. చివరికి ముక్క తీసి చూడాల్సిందే, బ్రాంకోస్కోపీ (ఊపిరి గొట్టంలోకి సన్నటి కెమెరా పంపడం) ద్వారానో, సీటీ చూసుకుంటూ సూదితోనో. సూది గుచ్చితే పాకుతుంది అనే భయం మన ఊళ్లలో ఎంత పాతుకుపోయిందో నాకు తెలుసు. సూది దారిలో క్యాన్సర్ అంటుకోవడం చాలా చాలా అరుదు. ముక్క తీసినాక మనిషి పోయాడు అని చెప్పే కథల్లో ఎక్కువ భాగం ఏంటంటే, అప్పటికే జబ్బు ముదిరి ఆలస్యంగా వచ్చి ముక్క తీయించుకున్నవాళ్లు. సూదితో ఉన్న నిజమైన ఇబ్బంది వేరే, ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరొచ్చు, దుమ్ముతో పాడైన ఊపిరితిత్తికి అది కాస్త ఎక్కువ, అందుకే ఆసుపత్రిలో ఉంచి చూసుకుంటారు. ముక్క తీయకుండా మందు ఇవ్వడం కుదరదు, ఎందుకంటే ఏ రకం క్యాన్సర్, దాని జన్యువుల్లో ఏ మార్పు ఉంది అనేదాన్ని బట్టి ఇప్పుడు మందులే వేరు, కొన్నిటికి నోటితో వేసుకునే మాత్రలు ఉన్నాయి. ఆపరేషన్‌కి పనికొచ్చే స్టేజీలో దొరికితే ఊపిరి టెస్టు చేసి, ఎంత భాగం తీసినా తట్టుకుంటాడా చూస్తారు. ఖర్చు గురించి దిగులు పడకండి, ఎన్టీఆర్ వైద్య సేవలో క్యాన్సర్ చికిత్స ఉంది, కార్డు పట్టుకుని వెళ్లండి, తిరుపతి స్విమ్స్ ఆసుపత్రి మీకు దగ్గరే.

బీడీ సంగతి. క్యాన్సర్ వచ్చినా రాకపోయినా ఇవాళే మానాలి. ఇంత వచ్చాక ఇంకేం మానేది అంటారు పెద్దవాళ్లు, కానీ మానిన వాళ్లకి ఆపరేషన్ బాగా తట్టుకుంటుంది, మందులు బాగా పనిచేస్తాయి, టీబీ తిరగబెట్టడం తగ్గుతుంది. తిట్టి మాన్పించలేరు, నికోటిన్ చూయింగ్ గమ్ ఇచ్చి, ఇంట్లో ఎవరూ తాగకుండా ఉంటే మానగలడు.

మీ తమ్ముడి గురించి నాకు ఇంకా ఎక్కువ ఆందోళనగా ఉంది, ఆయనకి ఇంకా టైముంది కాబట్టి. తువ్వాల, గుడ్డ మాస్కు, సర్జికల్ మాస్కు ఇవేవీ సిలికాని ఆపవు. ఎన్95 కానీ అంతకంటే మంచిది కానీ ముఖానికి సందు లేకుండా అతుక్కోవాలి, గడ్డం పెంచితే పక్కల నుంచి లీకవుతుంది. అన్నిటికంటే ముఖ్యం నీళ్లు. డ్రిల్లుకి నీటి పైపు తగిలించి తొలిస్తే, క్రషర్ మీద నీళ్లు చల్లితే దుమ్ము చాలా వరకు లేవదు. ఇది పనివాడు జేబులోంచి పెట్టుకునేది కాదు, యజమాని పెట్టాల్సింది. అమెరికాలో 2016లో పెట్టిన రూలు ప్రకారం షిఫ్టు మొత్తం సగటున ఒక ఘనపు మీటరు గాలిలో 50 మైక్రోగ్రాములకి మించి సిలికా ఉండకూడదు, అంటే గ్రాములో 20 వేలో వంతు. మన క్రషర్ దగ్గర నిలబడి చూస్తే ఎంత తేడానో మీకే అర్థమవుతుంది. పని అయ్యాక బెల్లం ముక్క తింటే దుమ్ము పోతుందని పెద్దవాళ్లు చెప్తారు, తినేది అన్నవాహికలోకి పోతుంది, దుమ్ము ఉన్నది ఊపిరితిత్తుల్లో, దాన్ని కడిగేసే తిండి ఏదీ లేదు. పని బట్టలు ఇంటికి తెచ్చి దులపొద్దు, అక్కడే తడిపి ఉతకాలి. ఆయనకి ఇప్పుడే ఒక ఎక్స్‌రే, ఊపిరి టెస్టు చేయించి దాచండి, దగ్గు లేకపోయినా సరే. మీ నాయనకి టీబీ తేలితే ఇంట్లో అందరికీ కళ్లె, ఎక్స్‌రే టెస్టులు కూడా.

ప్రకాశం జిల్లా చీమకుర్తి గ్రానైట్ క్వారీల నుంచి కూడా ఇలాంటి ఉత్తరాలు వస్తుంటాయి కాబట్టి ఒక మాట. అక్కడి బ్లాక్ గెలాక్సీ అనే నల్లరాయిలో పలుగురాయి శాతం మామూలు గ్రానైట్‌తో పోలిస్తే బాగా తక్కువ. కానీ కటింగ్ ఫ్యాక్టరీల్లో ఎరుపు, బూడిద రంగు గ్రానైట్ కూడా కోస్తారు కాబట్టి నిశ్చింతగా ఉండొద్దు. మార్కాపురం పలకల పనివాళ్లకీ ఇదే, పలకరాయిలోనూ సిలికా ఉంటుంది.

కాగితాల విషయం చాలామంది పట్టించుకోరు. నష్టపరిహారం ఇచ్చే వృత్తి వ్యాధుల లిస్టులో సిలికోసిస్ ఉంది, కానీ కేస్ షీట్‌లో ఉత్త టీబీ అని ఉంటే ఎవరూ ఒక్క రూపాయి ఇవ్వరు. అందుకే డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడే మీ నాయన ఏ గనిలో ఎన్నేళ్లు, ఏ పని చేశాడో ఒక తెల్లకాగితం మీద రాసి ఇవ్వండి, దాన్ని కేస్ షీట్‌లో ఎక్కించమని గట్టిగా అడగండి. సిలికోసిస్ అని తేలితే ఆ మాట రాయించుకోండి. హాజరు పుస్తకం, జీతం చీటీలు, పీఎఫ్ నంబరు, ఏవీ లేకపోతే కలిసి పనిచేసిన వాళ్ల సాక్ష్యం, ఏది దొరికితే అది. గనుల భద్రత చూసే డీజీఎంఎస్ ఆఫీసు నెల్లూరులోనే ఉంది, అక్కడ అర్జీ ఇవ్వొచ్చు.

ఈలోపు ఎప్పుడైనా దగ్గితే అరగ్లాసుకి పైన రక్తం పడినా, ఊపిరి ఆడక మాట పూర్తి చేయలేకపోయినా, ఉన్నట్టుండి ఒకవైపు ఛాతీ నొప్పి వచ్చినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా 108కి ఫోన్ చేయండి. రక్తం పడేటప్పుడు ఎడమవైపుకి తిప్పి పడుకోబెట్టండి, అనుమానం ఉన్నది ఎడమ ఊపిరితిత్తిలో కాబట్టి రక్తం కుడివైపు పోకుండా ఉంటుంది.