కింద ఇల్లు అమ్మకండి, మీరు మాత్రం పైన ఉండండి

ప్రశ్న (పెద్ద ఉత్తరం, కుదించి వేశాం): మాది విజయవాడ పాయకాపురం. 2016లో 80 గజాల్లో కట్టిన ఇల్లు 21 లక్షలకు కొన్నాం, కింద ఒక్క అంతస్తే, 600 అడుగులు. మా వారికి టెంట్ హౌస్ ఉండేది. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు పొంగి వరద వచ్చినప్పుడు ఇల్లు, గోడౌన్ రోజుల తరబడి నీళ్లలోనే ఉన్నాయి. షామియానాలు, పరుపులు, జనరేటర్ కలిపి నాలుగున్నర లక్షలది, ఇంట్లో ఫ్రిజ్, మంచాలు, నా పికో మిషన్ కలిపి లక్షా అరవై వేలది పోయింది. ప్రభుత్వం ఇచ్చిన 25 వేలు తప్ప ఏమీ రాలేదు. గుండిగలు, కుర్చీలు, పైపులు మాత్రం కడిగి గన్నవరంలో ఆడపడుచు వాళ్ల షెడ్డులో పెట్టాం. ఆ నవంబర్‌లో హైదరాబాద్ వచ్చేశాం. నిజాంపేటలో అద్దె, మెయింటెనెన్స్ కలిపి 12,500. మా వారు ఈవెంట్ల కంపెనీలో సూపర్‌వైజర్, జీతం 26 వేలు. నేను బ్లౌజులు కుడితే 8 వేలు వస్తాయి. ఇంటి లోను ఇంకా 7.8 లక్షలు, ఈఎంఐ 11,400. ఆ ఇంటికి ఇప్పుడు 5,500 అద్దె వస్తోంది. పిల్లల ఫీజులు నెలకు 4,500, ఇంటి ఖర్చు 14 వేలు. తొమ్మిది కాసుల బంగారం తాకట్టులో ఉంది, 2.4 లక్షలు, 12 శాతం వడ్డీ. క్రెడిట్ కార్డు బాకీ 68 వేలు. వరదకు ముందు 42 లక్షలకు అడిగిన ఇల్లు ఇప్పుడు 32కి అడుగుతున్నారు. మా వారు వెళ్లిపోదామంటారు, అత్తయ్య ఆడపడుచు ఇంటి నుంచి రోజూ ఫోన్ చేసి మనింటికి ఎప్పుడు అంటుంది. నాకేమో గట్టిగా వాన పడితే నిద్ర పట్టదు. అమ్మేసి ఇక్కడ 56 లక్షల ఫ్లాట్ తీసుకోవాలా, వెనక్కి వెళ్లాలా, 12 లక్షలు పెట్టి పైన అంతస్తు వేసుకోవాలా?

జవాబు: అమ్మా, ముందు ఫ్లాట్ సంగతి తేల్చేద్దాం, అది త్వరగా తేలేదే. 32 లక్షలకు అమ్మి ఇంటి లోను, బంగారం, కార్డు అన్నీ తీర్చేస్తే చేతిలో సుమారు 21 లక్షలు మిగులుతాయి. 56 లక్షల ఫ్లాట్‌కు తెలంగాణలో రిజిస్ట్రేషన్ ఖర్చు ఏడున్నర శాతం, అంటే మరో 4.2 లక్షలు. అంటే 39 లక్షల లోను కావాలి. ఎనిమిదిన్నర శాతం వడ్డీకి ఇరవై ఏళ్లకు వేసుకున్నా ఈఎంఐ 33,800 పడుతుంది. మీ ఇద్దరి సంపాదన 34 వేలు. ఏ బ్యాంకూ ఇవ్వదు, ఇచ్చేవాడు దొరికినా తీసుకోకండి.

అమ్మితే పన్ను ఎంతో అన్న భయం మాత్రం పెట్టుకోకండి. 2024 జులై 23 కంటే ముందు కొన్న ఇల్లు కాబట్టి మీకు రెండు లెక్కలూ ఉన్నాయి. లాభం 11 లక్షల మీద పన్నెండున్నర శాతం వేస్తే 1.37 లక్షలు. అదే ద్రవ్యోల్బణం సూచీతో వేస్తే (2016-17లో 264, 2025-26లో 376) మీ కొన్న ధర 29.9 లక్షలు అవుతుంది, మిగిలిన 2.1 లక్షల మీద 20 శాతం, అంటే 42 వేలు. ఏది తక్కువైతే అదే కడతారు. కాబట్టి అమ్మొద్దని నేను చెప్పేది పన్ను వల్ల కాదు. వరద జ్ఞాపకం పచ్చిగా ఉన్నప్పుడు పది లక్షలు తగ్గించి అడిగేవాళ్లు ఎక్కడైనా ఉంటారు, మీకు ఇప్పుడు ఆ డబ్బుతో చేయాల్సిన పని కూడా ఏదీ లేదు.

ఇక అసలు విషయం. మీరు ఉత్తరమంతా బుడమేరు గురించే రాశారు, నేను మాత్రం మీ నిజాంపేట లెక్క దగ్గర ఆగిపోయాను. వచ్చేది 26 వేలు, 8 వేలు, అద్దె 5,500, మొత్తం 39,500. పోయేది అద్దె, ఈఎంఐ, ఫీజులు, ఇంటి ఖర్చు కలిపి 42,400, దానికి బంగారం వడ్డీ 2,400 కలపండి, 44,800. నెలకు 5,300 తక్కువ. మీరు వచ్చి పదమూడు నెలలు, పదమూడు ఐదువేల మూడువందలు అంటే 68,900. మీ కార్డు బాకీ 68 వేలు. ఆ బాకీ ఎక్కడి నుంచి వచ్చిందో మీకే అర్థం కావట్లేదని వేరే చోట రాశారు కదా, ఇదిగో ఇక్కడి నుంచి.

ఇప్పుడు వరద లెక్క. పోయింది మొత్తం ఆరు లక్షల పైన. బుడమేరు 2005లో ఒకసారి ముంచింది, మళ్లీ 2024లో. నేను ఇంకా జాగ్రత్తగా లెక్కేసి పదేళ్లకోసారి వస్తుందనే అనుకుంటాను. అంటే ఏడాదికి 60 వేలు, నెలకు 5,000. మీరు ఏ నీళ్లకు భయపడి వచ్చారో దాని ఖరీదు నెలకు 5,000, తప్పించుకుని వచ్చిన చోట అవుతున్న లోటు 5,300. హైదరాబాద్‌లో కూడా మీ ఇంట్లోకి ప్రతి నెలా నీళ్లు వస్తూనే ఉన్నాయమ్మా, కార్డు మీద వస్తున్నాయి కాబట్టి గడప తడవట్లేదంతే.

అలాగని మూట సర్దేసి వెళ్లిపొమ్మనడం లేదు. మీ భయం ఉత్త భయం కాదు. బుడమేరు నీళ్లను వెలగలేరు రెగ్యులేటర్ దగ్గర డైవర్షన్ కాలువలోకి మళ్లించి కృష్ణలో కలుపుతారు, ప్రకాశం బ్యారేజీకి పైన. మామూలు రోజుల్లో ఇబ్బంది లేదు. 2024 వరద వచ్చిన ఆ రెండు రోజుల్లో మాత్రం బుడమేరూ పొంగింది, కృష్ణా పొంగింది, బ్యారేజీ దగ్గరే 11 లక్షల క్యూసెక్కులు దాటింది, నది నిండుగా ఉంటే కాలువ నీళ్లు ఎక్కడికి పోతాయి? కాలువ కట్టకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి, నీళ్లన్నీ సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట మీదకి వచ్చాయి. రెండూ ఒకేసారి పొంగితే ఏమవుతుందో మీరు కళ్లారా చూశారు. గండ్లు పూడ్చారు, పనులు ప్రకటించారు, సరే. పేపర్లో చదివి కాదు, ఈసారి వెళ్లినప్పుడు మీ వారిని బండేసుకుని కట్ట వెంట కవులూరు దాకా వెళ్లి రమ్మనండి, ఎంత పని జరిగిందో ఆయన కంటికే కనపడుతుంది.

కాబట్టి ఊరికి వెళ్లాలా వద్దా అన్నది ఒక ప్రశ్న, ఆ కింద అంతస్తులో పడుకోవాలా వద్దా అన్నది ఇంకో ప్రశ్న. మీరు రెండూ కలిపేసి టెన్షన్ పడుతున్నారు. మీ వారి గిరాకీ అంతా సింగ్‌నగర్ చుట్టుపక్కల ఉంది. ఓణీల ఫంక్షన్, పెళ్లి, సంవత్సరీకం, ఏదున్నా ఆయన నంబరే తిప్పేవాళ్లు ఉన్నారు. ఇరవై ఏళ్ల పరిచయాలకు నిజాంపేటలో రేటు లేదు. ఇల్లు ఒక ఆస్తి, దాన్ని అద్దెకే ఉండనివ్వండి. మీరు అదే పేటలో మొదటి అంతస్తో రెండో అంతస్తో, రెండు గదుల వాటా అద్దెకు తీసుకోండి. 7,500కు దొరుకుతాయని మీరే రాశారు. మీకు వచ్చేది 5,500, ఇచ్చేది 7,500. నెలకు రెండు వేలు కట్టి ఎత్తుకు ఎక్కుతున్నారు. 12 లక్షలు పెట్టి పైన కట్టినా కొనేది ఆ ఎత్తునే కదా, దానికి ఈఎంఐ 12 వేల పైన పడుతుంది.

పైన వేయడం ఎప్పటికీ వద్దని కాదు. రెండేళ్లు ఆగండి. అన్ని రోజులు నీళ్లలో నానిన పునాది ఎలా ఉందో, పిల్లర్లు ఇంకో అంతస్తు మోస్తాయో లేదో మేస్త్రీ కాదు, స్ట్రక్చరల్ ఇంజనీర్ చూసి చెప్పాలి, కార్పొరేషన్ ప్లాన్ కూడా కావాలి. మేస్త్రీకి పని కావాలి కాబట్టి మోస్తుందనే అంటాడు.

అక్కడి లెక్క కూడా చూద్దాం, నేను మీకు రంగుల బొమ్మ చూపించదలచుకోలేదు. పాయకాపురంలో ఖర్చు: అద్దె 7,500, ఈఎంఐ 11,400, ఫీజులు 3,000 (మీ అంచనాయే), ఇంటి ఖర్చు 13 వేలు, బంగారం వడ్డీ 2,400. మొత్తం 37,300. మీ కుట్టు 8 వేలు, ఇంటి అద్దె 5,500 తీసేస్తే మీ వారు తేవాల్సింది 23,800. ఒకప్పుడు నెలకు సగటున 38 వేలు వచ్చేవన్నారు, ఇప్పుడు సగమే వస్తే 19 వేలు, లోటు ఇంచుమించు ఇక్కడున్నంతే ఉంటుంది. అంటే మీ నిర్ణయం మొత్తం ఒక్క అంకె మీద ఆధారపడి ఉంది: టెంట్ హౌస్ మళ్లీ మొదలుపెడితే నెలకు 24 వేలు దాటుతుందా లేదా. ఇది మీరూ నేనూ కూర్చుని ఊహించేది కాదు, చేసి చూడాల్సింది.

బంగారం దగ్గర నుంచి మొదలుపెట్టండి. మీకు నచ్చదని తెలుసు. మీరు తాకట్టు పెట్టినప్పటికీ ఇప్పటికీ బంగారం ధర బాగా పెరిగింది, ఈ రోజు ధరకు కట్టించి చూడండి. తొమ్మిదిలో నాలుగైదు కాసులు అమ్మితే తాకట్టు విడుస్తుంది, కార్డు బాకీ పోతుంది (దాని మీద నెలకు మూడు శాతం పైనే వడ్డీ వేస్తారు, మన బంగారం ఉండగా ఆ వడ్డీ కట్టడం ఏ లెక్కలోనూ నిలవదు), ఇంకో యాభై అరవై వేలు చేతిలో ఉంటాయి. మీ అమ్మగారు పెట్టిన గొలుసు ఉంచేయండి, గాజులు, నక్లెస్ అమ్మండి. నెలకు 2,400 వడ్డీ పోతే, ఇందాకటి 23,800 కాస్తా 21,400 అవుతుంది.

తర్వాత, పెళ్లిళ్ల సీజన్‌కు ముందు మీ వారు ఒక్కరే మూడు నెలలు వెళ్లాలి. మూఢం ఎప్పుడు, ముహూర్తాలు ఎప్పుడు అన్నది ఆయనకు నాకంటే బాగా తెలుసు. కంపెనీలో సెలవు అడగమనండి, జీతం లేకుండా అయినా సరే, రాజీనామా మాత్రం ఇప్పుడే వద్దు. గన్నవరంలో చెల్లెలి ఇంట్లో ఉంటారు, సామాను కూడా అక్కడే ఉంది. కొత్తగా ఏమీ కొనకూడదు. గుండిగలు, కుర్చీలు, పైపులు ఉన్నాయి, బట్ట, జనరేటర్ పక్క టెంట్ హౌస్ వాళ్ల దగ్గర అద్దెకు తెచ్చుకోవాలి, ఈ లైన్లో అందరూ ఒకరి సామాను ఒకరు వాడుకునేదే కదా. లాభం తగ్గుతుంది, తగ్గనివ్వండి, మనం చూసేది ఫోన్లు వస్తున్నాయా లేదా అని. ఆ మూడు నెలలు మీకు ఇక్కడ ఇబ్బందే, బంగారం డబ్బులో మిగిలిన యాభై అరవై వేలు దానికే. రోజూ వచ్చింది, ఇచ్చింది ఒక నోట్‌బుక్‌లో రాయమనండి, అడ్వాన్సులను ఆదాయంగా రాసుకోకుండా. టెంట్ హౌస్ వాళ్లందరూ చేసే తప్పు అదే, అడ్వాన్స్ జేబులో పడగానే సంపాదించేశామనుకుంటారు.

మూడు నెలల సగటు 21,400 దాటితే పిల్లల పరీక్షలు అయ్యాక, ఏప్రిల్‌లో అందరూ వెళ్లండి. దాటకపోతే ఆయన వెనక్కి వచ్చి ఉద్యోగంలో చేరతారు, నిజాంపేట నుంచి తక్కువ అద్దె ఉన్న చోటుకు మారడం గురించి అప్పుడు మాట్లాడదాం. దాటాకే చిన్న వ్యాపారాలకిచ్చే ముద్రా లోను సంగతి. తాకట్టు లేకుండా ఇస్తారు, అందులో కిశోర్ అనే రకం కింద ఐదు లక్షల దాకా ఉంటుంది, మీరు లక్షన్నరకు మించి వెళ్లొద్దు. మీ కుట్టు పనికి పీఎం విశ్వకర్మ అనే కేంద్ర పథకం ఉంది. దర్జీలు అందులో వస్తారు, టూల్‌కిట్‌కు 15 వేలు, మొదటి విడత లక్ష లోను 5 శాతం వడ్డీకే. కుటుంబంలో ఒకరికే ఇస్తారు కాబట్టి మీ పేరు మీదే పెట్టండి, పోయిన పికో మిషన్ మళ్లీ వస్తుంది.

ఇన్సూరెన్స్ విషయంలో మాత్రం వాయిదా వేస్తే ఊరుకోను. భారత్ గృహ రక్ష అని 2021 ఏప్రిల్ నుంచి అన్ని జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీలూ ఒకే నిబంధనలతో అమ్ముతున్నాయి, వరద అందులో ఉంది. స్థలం ధర కాదు, కట్టడానికి అయ్యే ఖర్చుకే తీసుకోవాలి, మీకు 12 లక్షలు. దానిలో 20 శాతం, అంటే 2.4 లక్షలు సామానుకు దానంతటదే వస్తుంది. ఆ సామాను మీది అయి, ఆ ఇంట్లో ఉండాలి, కాబట్టి మీరుండే పై వాటాలోని వస్తువులకు విడిగా తీసుకోండి. టెంట్ సామానుకు భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష అని చిన్న వ్యాపారాల పాలసీ వేరే ఉంది. ప్రీమియం మూడు కంపెనీలను అడగండి, ఇంటి పాలసీకి ఏడాదికయ్యేది మీ ఒక్క నెల ఈఎంఐ అంత కూడా ఉండదు. ఇంకొకటి, లోను ఇచ్చినప్పుడు బ్యాంకు ఏదైనా ఇన్సూరెన్స్ కట్టించిందేమో ఆ ఫైల్ తీసి చూడండి. నా దగ్గరికి వచ్చిన ఒకాయన ఇంటి మీద పాలసీ ఉన్న సంగతి వరద వచ్చిన ఎనిమిది నెలలకు తెలుసుకున్నాడు. చాలాసార్లు అది ఇంటి మీద కాక మనిషి ప్రాణం మీద ఉంటుంది, అయినా చూడటానికి పోయేదేముంది.

సామాను మళ్లీ పాయకాపురం గోడౌన్‌లో నేల మీద పెట్టొద్దు. స్టీలు కింద ఉన్నా పర్లేదు, బట్ట, పరుపులు గన్నవరంలోనే ఉంచండి, ఆటో ఖర్చు పెరుగుతుంది, పెరగనివ్వండి. మీ కింద వాటాలో ఉండే వాళ్లకు 2024లో నీళ్లు ఎంతవరకు వచ్చాయో గోడ మీద గీత చూపించి చెప్పండి. చెబితే అద్దె ఇంకో ఐదొందలు తగ్గించమంటారేమో, తగ్గించండి. వాళ్ల సామానుకు వాళ్లు కూడా పాలసీ తీసుకోవచ్చని చెప్పండి, సొంతిల్లు ఉన్నవాళ్లకే ఇస్తారని చాలామంది అనుకుంటారు.

అత్తగారికి మాత్రం ఇప్పుడే ఫోన్ చేసి చెప్పేయండి, వస్తే ఏప్రిల్‌లో, అదీ మన ఇంట్లోకి కాదు, పక్క వీధిలో మెట్లెక్కి అని. ఆవిడ మోకాళ్లు ఎలా ఉన్నాయో మీరు రాయలేదు. రెండో అంతస్తు ఎక్కలేకపోతే వాటా చూసేటప్పుడే మొదటి అంతస్తు అడగండి, ఇంకో ఐదొందలు ఎక్కువైనా.