బ్లాక్ అండ్ వైట్ పోర్ట్రెయిట్‌లో భావం ఎందుకు పలకదు?

ఎన్ని భంగిమలు పెట్టించినా మీ బ్లాక్ అండ్ వైట్ పోర్ట్రెయిట్లు రంగు తీసేసిన కలర్ ఫోటోల్లాగే ఉంటున్నాయనీ, ముఖంలో భావం రావడం లేదనీ రాశారు. నేనూ చాలాకాలం ఇలాగే బాధపడ్డాను. నా అనుభవంలో, ‘ఇలా చూడండి, ఇలా ఉండండి’ అని మనం చెప్పే మాటలే ముఖాన్ని బిగుసుకుపోయేలా చేస్తాయి.

ఒకసారి మా పెదనాన్నగారిని కిటికీ పక్కన కూర్చోబెట్టి, గడ్డం కాస్త పైకెత్తమని, దూరంగా చూడమని, పాత రోజులు గుర్తు చేసుకోమని చెబుతూ ముప్పై దాకా ఫ్రేములు తీశాను. ఆయన పాపం చెప్పినట్టల్లా చేశారు. తీరా చూస్తే, అన్నింటిలోనూ పాస్‌పోర్టు ఫోటోకు కూర్చున్న పెద్దమనిషే కనిపించారు. నేను బ్యాటరీ మారుస్తుంటే, పని అయిపోయిందనుకుని ఆయన కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. తుడవడం అయ్యాక కూడా వాటిని పెట్టుకోకుండా, బొటనవేలితో ఆ ఫ్రేమును నిమురుతూ, సరిగా ఆనని కళ్లతో కిటికీ వైపు చూస్తూ ఉండిపోయారు. అప్పటిదాకా ఆయన భుజాలు బిగపట్టి కూర్చున్నారన్న సంగతి, అవి కిందికి జారాకే నాకు తెలిసింది. గబగబా మూడు ఫోటోలు తీశాను. వాటిలో ఒకదానిలో, ముక్కుకు రెండు పక్కలా కళ్లద్దాలు ఒత్తుకుపోయిన గుంటలు నల్లగా, స్పష్టంగా పడ్డాయి. రోజూ చూసే ముఖమే అయినా వాటిని అంతకుముందు నేను గమనించనే లేదు.

అప్పటినుంచి నేను ఎవరికీ ‘దిగులుగా చూడండి’ అని చెప్పడం మానేసి, చేతులకు ఏదో ఒక పని అప్పగిస్తున్నాను. రంగు లేనప్పుడు చూపు ముందుగా తెల్లటి చోటికి, వెలుగునీడల తేడా ఎక్కువగా ఉన్న చోటికి పోతుంది. ముదురు బట్టలు వేసుకున్న మనిషిలో ముఖం తరువాత అలా మెరిసేవి చేతులే. అవి ఊరికే ఒడిలో పడి ఉంటే రెండు తెల్లటి ముద్దల్లా కనిపిస్తాయి. వెనకభాగం కాకుండా అంచు కెమెరా వైపు ఉండి, వేళ్లు వదులుగా ఉంటే అవీ మాట్లాడతాయి. అమెరికన్ ఫోటోగ్రాఫర్ డొరొతియా లాంగ్ 1936లో కాలిఫోర్నియాలో తీసిన వలస కూలీ తల్లి ఫోటోను ఒకసారి తీరిగ్గా చూడండి. ఆమె వేళ్లు చెంపను తాకీ తాకనట్టు ఉంటాయి. పక్కనున్న ఇద్దరు పిల్లలూ ముఖాలు అటు తిప్పుకోవడంతో మన చూపు ఆమెను దాటి పోదు.

ఎదుటి మనిషికి నిజంగా ఏదైనా జరిగినప్పుడు వచ్చే ముఖకవళిక వేరు. 1941 డిసెంబరు 30న కెనడా రాజధాని ఒట్టావాలో ఫోటోగ్రాఫర్ యూసుఫ్ కార్ష్, అప్పటి బ్రిటన్ ప్రధాని చర్చిల్ నోట్లోని చుట్టను లాగేసి, ఆయన కళ్లెర్రజేసిన క్షణాన్ని పట్టుకున్నాడు. బంధువుల మీద మాత్రం ఈ ప్రయోగం చేయకండి! జవాబు చెప్పడానికి కాస్త ఆలోచించవలసిన ప్రశ్న ఒకటి అడిగి, వాళ్లు మాటలు వెతుక్కుంటున్నప్పుడు షట్టర్ నొక్కితే చాలు.

వెలుగు గురించి క్లుప్తంగా చెబుతాను. ముఖం మీదికి సూటిగా కొట్టే ఫ్లాష్ చర్మాన్ని చదునుగా చూపిస్తుంది కాబట్టి, కిటికీ వెలుగును పక్కనుంచి రానిచ్చి, నీడవైపు చెంప మీద చిన్న త్రికోణం ఏర్పడేదాకా ముఖాన్ని మెల్లగా తిప్పించండి. కళ్లలో ఒక వెలుగు చుక్క లేకపోతే చూపు నిర్జీవంగా ఉంటుంది. కెమెరాను మోనోక్రోమ్‌లో (నలుపు తెలుపులో) పెట్టి రా ఫైల్, అంటే కెమెరా సెన్సర్ నమోదు చేసిన సమాచారాన్ని దాదాపు ఉన్నదున్నట్టు దాచే ఫైల్, తీస్తే తెర మీద నలుపు తెలుపులు కనిపిస్తూనే రంగుల సమాచారం ఫైల్‌లో భద్రంగా ఉంటుంది. తరువాత ఎడిటింగ్‌లో ఎరుపు, నారింజ రంగుల వెలుగును మార్చే స్లైడర్లను పెంచితే చర్మం తెల్లబడి మచ్చలు తగ్గుతాయి, దించితే ముడతలు తేలతాయి. పెదనాన్నగారి ఫోటోకు దించాను. అడగకుండా అందరికీ ఆ పని చేయను.

ఇంకో సంగతి. ‘అయిపోయింది’ అన్నాక కూడా ఫోటోలు తీస్తూనే ఉంటానని ఇప్పుడు ముందే చెప్పేస్తున్నాను. వాళ్లకు నచ్చనివి వాళ్ల ఎదుటే చెరిపేస్తాను. పెదనాన్నగారు మాత్రం ఆ ఫోటోను చాలాసేపు చూసి, కళ్లద్దాలు పెట్టుకున్నది కూడా ఒకటి తీయమన్నారు. గడ్డం పైకెత్తించి, అదీ తీశాను.