చివర పుస్తకాల పేర్లు రాస్తే సరిపోదా?

ప్రాజెక్టు నివేదిక చివర చదివిన పుస్తకాల పేర్లు రాసేస్తే చాలదా, మధ్యమధ్యలో కూడా ఎందుకు చూపాలి, ఏ పద్ధతి పాటించాలి అని అడిగారు. చాలదు. ఆ సంగతి నాకు మౌఖిక పరీక్షలో తెలిసివచ్చింది కాబట్టి ముందు అదే చెబుతాను.

నా సిద్ధాంత వ్యాసంలో పేరున్న ఒక రచయిత వాక్యాన్ని ఉటంకించాను. ఆయన పుస్తకం నేను కళ్లతో చూడలేదు. వేరొకరి వ్యాసంలో ఆ వాక్యం కనిపిస్తే, కింద ఉన్న పాదసూచికను పుట సంఖ్యతో సహా దించుకున్నాను. పరీక్షకుడు సంచిలోంచి అసలు పుస్తకం తీసి, నేను రాసిన పుట తెరిచి, బల్ల మీద నా వైపు జరిపి "ఎక్కడుందో చూపించండి" అన్నారు. అక్కడ లేదు. వేళ్లు వణుకుతుండగా పుటలు తిప్పితే మూడు పుటల తర్వాత దొరికింది. దొరకకుండా ఉన్నా బాగుండేది. అది ఆ రచయిత అభిప్రాయమే కాదు. ఎదుటి పక్షం వారు ఇలా అంటారని చెప్పి, తర్వాతి పేరాలో ఆయన దాన్ని తీసిపారేశారు. నేనేమో అది ఆయన సిద్ధాంతమని రెండు పుటలు వాదించి ఉన్నాను.

అసలు పుస్తకం దొరకనప్పుడు చేయవలసింది చాలా సులువు. "ఫలానా వారి మాట, ఫలానా వారి వ్యాసంలో ఉటంకించిన ప్రకారం" అని రాసి, చివరి జాబితాలో మీరు చదివిన రెండో వ్యాసాన్నే చూపాలి. ఇందులో చిన్నతనం ఏమీ లేదు. చూడని పుస్తకాన్ని చూసినట్టు రాయడంలోనే ఉంది.

దించుకోవడం నా ఒక్కడి జబ్బు కాదులెండి. ఒక ప్రచురణ సంస్థ రచయితలకిచ్చే నమూనాలో, వివరాలు ఎలా రాయాలో చూపడానికి "శాస్త్రీయ వ్యాసం రాసే కళ" అనే అర్థమొచ్చే శీర్షికతో ఒక కల్పిత వ్యాసాన్ని పెట్టారు. అలాంటి వ్యాసం లోకంలో ఎక్కడా లేదు. అయినా అది వందల పరిశోధన పత్రాల జాబితాల్లోకి ఎక్కింది. నమూనాలోని వరుసను చెరపడం మరిచిపోయిన వాళ్లే అందులో ఎక్కువమంది అయి ఉండాలి.

ఇక మీ ప్రశ్నకు. ఆధారం చూపడంలో రెండు భాగాలున్నాయి. వాక్యం పక్కన చిన్న గుర్తు, చివర దాని పూర్తి వివరం. మొదటిది లేకపోతే చివర ఇరవై పేర్లున్నా ఏ మాట ఎవరి దగ్గర తీసుకున్నారో చదివేవారికి తెలియదు. సొంత మాటల్లోకి మార్చి రాస్తే గుర్తు అక్కర్లేదనుకుంటారు చాలామంది. మాటలు మీవైనా ఆలోచన వారిదే కదా, తప్పనిసరిగా పెట్టాలి. నీరు వంద డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది లాంటి అందరికీ తెలిసిన విషయాలకు మాత్రం అవసరం లేదు. సాధారణంగా రిఫరెన్సులు అంటే నివేదికలో నిజంగా ప్రస్తావించినవి మాత్రమే. బిబ్లియోగ్రఫీ, అంటే ఉపయుక్త గ్రంథసూచిలో, చదివి ఉపయోగపడినా ప్రస్తావించని వాటిని కూడా చేర్చవచ్చు. మీవాళ్లు ఏది అడిగారో కనుక్కోండి. కొన్నిచోట్ల రెండు మాటల్నీ ఒకే అర్థంలో వాడతారు.

పుస్తకానికైతే రచయిత, శీర్షిక, ఎన్నో కూర్పు (ఎడిషన్), ప్రచురణకర్త, సంవత్సరం. పత్రికలో వ్యాసానికైతే పత్రిక పేరు, సంపుటి, సంచిక, పుటలు, ఉంటే డీఓఐ సంఖ్య, అంటే ఆన్‌లైన్‌లో ఆ వ్యాసాన్ని గుర్తుపట్టడానికి ఇచ్చే, 10తో మొదలయ్యే శాశ్వత సంఖ్య. మారుతూ ఉండే వెబ్ పేజీకి చూసిన తేదీ కూడా. వీటిలో అందరూ వదిలేసేది కూర్పు. డార్విన్ జాతుల ఉత్పత్తి గురించి రాసిన పుస్తకం 1859లో వచ్చింది. "యోగ్యతముల సార్థక జీవనం" అనే మాట ఆ పుస్తకంలోదే అని 1859 వేసి రాసేవాళ్లున్నారు. మొదటి కూర్పు అంతా వెతికినా ఆ మాట కనబడదు. అది ఆంగ్ల తత్వవేత్త హెర్బర్ట్ స్పెన్సర్ మాట. డార్విన్ దాన్ని 1869 నాటి అయిదో కూర్పులో చేర్చుకున్నారు. అందుకే మీ చేతిలో ఉన్న ప్రతి ఏ కూర్పో లోపలి పుటలో చూసి రాయండి. కూర్పు వేరు, పునర్ముద్రణ వేరు. అదే పాఠాన్ని మళ్లీ అచ్చు వేస్తే కూర్పు మారదు.

పద్ధతుల గురించి అనవసరంగా హైరానా పడకండి. ఏపీఏ (APA) అనే పద్ధతిలో రచయిత పేరు పక్కన సంవత్సరం వస్తుంది, ఎంఎల్ఏ (MLA) అనే పద్ధతిలో పుట సంఖ్య వస్తుంది. చరిత్ర రాసేవాళ్లు ఎక్కువగా షికాగో పాదసూచికలు వాడతారు. వైద్య పత్రికల్లో అంకెలు వేసే వాంకూవర్ పద్ధతి ఉంది, 1978లో కెనడాలోని వాంకూవర్ నగరంలో సంపాదకులు కలిసి కుదుర్చుకున్నది. మీ మార్గదర్శకులు చెప్పినది పట్టుకుని, మొదటి నుంచి చివరి దాకా అదే ఉంచండి. కామా ఎక్కడ, చుక్క ఎక్కడ అన్నది జొటెరో లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది. అది కూడా అప్పుడప్పుడు సంపాదకుణ్ని రచయితను చేసేస్తుంది, ఒకసారి సరిచూడాలి. కృత్రిమ మేధను అడిగి జాబితా తయారు చేయించుకోవద్దు. లేని వ్యాసానికి కూడా అది సంపుటి, పుటలతో సహా ముచ్చటైన వివరాలు ఇవ్వగలదు.

ఇప్పుడు నేను చదివేటప్పుడే నోటుపుస్తకంలో పుట సంఖ్య ముందు రాసి, తర్వాత వాక్యం రాస్తాను. ఉన్నదున్నట్టు ఎత్తినదైతే కొటేషన్ గుర్తులు అక్కడే పెడతాను. నెల తర్వాత చూస్తే ఏది నా వాక్యమో ఏది వారిదో నాకే తెలియదు మరి.

ఎన్ని ఉండాలి అని కూడా అడిగారు. పరీక్షకుడు తిప్పి పంపిన నా జాబితాలో 64 ఉన్నాయి. చూడనివన్నీ కొట్టేశాక 41 మిగిలాయి. తగ్గాయేమని ఎవరూ అడగలేదు.