విదేశీ పెట్టుబడి వస్తే ఉద్గారాలు పెరుగుతాయా?

విదేశీ పెట్టుబడులతో గ్రీన్‌హౌస్ వాయువులు పెరుగుతాయా, తగ్గుతాయా, అందులో పాలనకు ఏం పని అని అడిగారు. డబ్బు ఏ దేశానిదైనా కార్బన్ లెక్క మారదు. ఫ్యాక్టరీ ఎన్ని యూనిట్లు వాడుతుంది, ఆ కరెంటు దేంతో తయారవుతుంది, ఈ రెండూ ముందు తేల్చుకోవాలి.

10 మెగావాట్ల లోడు ఏడాది పొడవునా ఆగకుండా నడిస్తే 8.76 కోట్ల యూనిట్లు. మన గ్రిడ్‌లో యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. ఆ లెక్కన ఏటా 61 వేల టన్నులు. ఇదే లోడుకు 10 మెగావాట్ల సోలార్ పెడితే సరిపోదు. మెగావాట్‌కు ఏడాదికి 19-20 లక్షల యూనిట్లే వస్తాయి కాబట్టి దాదాపు 45 మెగావాట్లు కావాలి. అప్పుడు కూడా రాత్రి షిఫ్టుకు గ్రిడ్డే దిక్కు. అందుకే ఏ కంపెనీ అయినా 'నూరు శాతం గ్రీన్' అంటే, వాడిన కరెంటుకూ గ్రీన్ కరెంటుకూ సరిచూసే లెక్క ఏడాదికా, నెలకా, గంటగంటకా అని అడగండి. ఏడాది లెక్కలో రాత్రి కాలిన బొగ్గు కనపడదు.

ఇక పాలన, అంటే ప్రభుత్వం ఒప్పందాలకు కట్టుబడటం, బిల్లులు సకాలంలో చెల్లించడం లాంటివి. నా దృష్టిలో అసలు విషయం ఇదే. సోలార్‌కు ఇంధన ఖర్చు ఉండదు, ఖర్చంతా మొదట్లోనే పెట్టాలి. మెగావాట్‌కు 4 కోట్లు, అందులో 70 శాతం అప్పు అనుకుందాం. అప్పు 2.8 కోట్లు. వడ్డీ ఒక్క శాతం పెరిగితే మొదటి ఏడాది 2.8 లక్షల భారం, అంటే యూనిట్‌కు దాదాపు 14 పైసలు. యూనిట్ రెండున్నర రూపాయల టెండర్‌లో 14 పైసలంటే గెలుపోటములు తేలిపోతాయి. బొగ్గు ప్లాంట్‌లో ఖర్చులో పెద్ద వాటా బొగ్గుదే కాబట్టి వడ్డీ దెబ్బ అంత గట్టిగా తగలదు. డిస్కం (విద్యుత్ పంపిణీ సంస్థ) బిల్లు చెల్లించడం ఆలస్యమైనా, ఒప్పందం మారుతుందని భయం పుట్టినా ముందు నష్టపోయేది పవన, సౌర విద్యుత్తే.

ఆంధ్రప్రదేశ్‌లో జరిగింది చూడండి. 2019 జులైలో పవన, సౌర విద్యుత్ కొనుగోలు ఒప్పందాల ధరల సమీక్షకు ప్రభుత్వం కమిటీ వేసింది. వ్యవహారం కోర్టుకెక్కింది. ఆ సెప్టెంబరులో హైకోర్టు మధ్యంతరంగా యూనిట్‌కు పవన విద్యుత్తుకు 2.43, సౌరకు 2.44 రూపాయలు నిర్ణయించింది. ఒప్పందంలోని ధరే ఇవ్వాలని డివిజన్ బెంచ్ తేల్చేసరికి 2022 మార్చి వచ్చింది. అన్నాళ్లూ ఆ కంపెనీల అప్పు కిస్తీలు ఆగవు కదా! ఆ ఏడాదే కేంద్రం ఆలస్య చెల్లింపుల నిబంధనలు తెచ్చి, పాత బకాయిలను 48 వాయిదాల దాకా కట్టే వీలిచ్చింది, ఎగ్గొట్టే డిస్కంలకు విద్యుత్ ఎక్స్ఛేంజ్‌లో (కరెంటు కొనుగోలు, అమ్మకాల మార్కెట్) కరెంటు కొనకుండా ఆంక్ష పెట్టింది.

దీనిపై పరిశోధన ప్రాజెక్టు చేస్తుంటే ఒక జాగ్రత్త: దేశాల కార్బన్ డయాక్సైడ్ గణాంకాల్లో ఎక్కువ భాగం ఇంధన వినియోగం నుంచే లెక్కకట్టినవి. ఇంధన వినియోగాన్నే కారణంగా పెట్టి రిగ్రెషన్ (ఒకదాని ప్రభావం మరొకదానిపై ఎంతో కొలిచే గణాంక పద్ధతి) చేస్తే సంబంధం బలంగా రాక తప్పదు. దాని బదులు జీడీపీకి ఎంత ఇంధనం, అందులో బొగ్గు వాటా ఎంత అన్నవి పెట్టండి. పెట్టుబడిని కూడా మొత్తంగా తీసుకోకుండా సిమెంటు, ఉక్కు, ఐటీ, విద్యుత్తు అని రంగాలవారీగా విడదీయండి.