పింఛను దయా, హక్కా?

ప్రశ్న: గుంటూరు జిల్లాలో ఉంటున్న మా అమ్మకు 71 ఏళ్లు. కరెంటు వాడకం నెలకు 300 యూనిట్లు దాటిందంటూ ఆమెకు వచ్చే వృద్ధాప్య పింఛను ఆపేశారు. మేడ మీద వేరే రేషన్ కార్డుతో తమ్ముడి కుటుంబం ఉంటోంది, ఇంటికంతా మీటరు ఒక్కటే. సచివాలయంలో అడిగితే ‘ఇది ప్రభుత్వం దయతో ఇచ్చేది, హక్కుగా అడగకూడదు’ అన్నారు. నిజమేనా?

జవాబు: సగమే నిజం. వృద్ధాప్యంలో ప్రభుత్వ సహాయం అందాలని రాజ్యాంగం 41వ అధికరణ చెబుతున్నా, ‘ఆర్థిక స్తోమతకు లోబడి’ అన్న షరతు అందులోనే ఉంది. పైగా అది ఆదేశిక సూత్రం, అంటే ప్రభుత్వ విధానాలకు దారి చూపే నియమం కనుక, దాన్ని అమలు చేయించమని కోర్టును కోరే వీలు లేదని 37వ అధికరణ అంటుంది. కాబట్టి నెలకు ఇస్తున్న 4,000 రూపాయలను 6,000 చేయమని దావా వేయలేరు. అక్కడ ప్రభుత్వానికి ఉన్నది నైతిక బాధ్యతే.

పింఛను బిచ్చం కాదని సుప్రీంకోర్టే చెప్పింది కదా అని చాలామంది నన్ను అడుగుతుంటారు. 1982 నాటి నకారా కేసు తీర్పు ప్రభుత్వోద్యోగం చేసి రిటైరైన వారి పింఛను గురించినది. అది చేసిన కొలువుకు దక్కే ప్రతిఫలం. దాన్ని మీ అమ్మగారి విషయంలో చూపితే నిలవదు.

అయితే మీ తగాదా పథకం ఉండాలా వద్దా అన్నది కాదు. ప్రభుత్వం ఒకసారి అర్హతలు నిర్ణయించి ఉత్తర్వు ఇచ్చాక, వాటిని అందరికీ ఒకేలా వర్తింపజేయడం 14వ అధికరణ ప్రకారం దాని చట్టబద్ధమైన విధి. అప్పటికే అందుతున్న పింఛను ఆపేముందు కారణం తెలిపి, సంజాయిషీకి అవకాశం ఇవ్వాలి. అది జరగకపోతే 226వ అధికరణ కింద హైకోర్టులో రిట్ (అధికారుల చర్యను సరిదిద్దమని కోరే పిటిషన్) వేయవచ్చు. కోర్టు సాధారణంగా నేరుగా డబ్బు ఇప్పించదు, ఆపివేతను రద్దు చేసి మళ్లీ పరిశీలించమంటుంది. మీ కేసులో అదే చాలు, ఎందుకంటే రెండు కుటుంబాల వాడకాన్ని ఒకరి ఖాతాలో వేయడం సమర్థించుకోవడం కష్టం.

ఇదే ‘దయ’ మాట రేషన్ దుకాణంలో అంటే మాత్రం పూర్తిగా తప్పు. 2013 జాతీయ ఆహార భద్రతా చట్టం అర్హులకు ధాన్యాన్ని హక్కుగానే ఇచ్చింది. ఇవ్వని పక్షంలో భత్యం చెల్లించాలని కూడా ఆ చట్టమే చెబుతుంది.

ముందుగా రెండు రేషన్ కార్డుల నకళ్లు, కరెంటు బిల్లులు జతచేసి రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. పింఛను ఆపిన ఉత్తర్వు ప్రతిని సమాచార హక్కు చట్టం కింద అడిగితే 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. రిట్ దాకా వెళ్లాల్సి వస్తే ఖర్చుకు జంకనక్కర్లేదు. మహిళలకు ఆదాయంతో పనిలేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది. విడి మీటరుకు కూడా ఇప్పుడే దరఖాస్తు పెట్టండి, కానీ అది వచ్చేదాకా అర్జీని ఆపవద్దు.