సంతకం మీదొక్కటే చాలు

ప్రశ్న: మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. నాకు 27 ఏండ్లు, ఇద్దరు ఆడపిల్లలు. మా ఆయన రైస్‌మిల్లు లారీ నడుపుతడు. చిన్నపాప పుట్టినంక వేయించుకున్న లూపును, ‘కొడుకు లేకుంటే ఎట్ల’ అని మా అత్తమ్మ పట్టుబట్టి పోయినేడు తీయించింది. ఇప్పుడు నాకు మూడో నెల. రెండో కాన్పుకే నెత్తురు బాగా పోయి చావుదాకా పోయొచ్చిన. కుట్టుమిషన్ పని ఇప్పుడిప్పుడే నిలబడుతున్నది. నాకీ కాన్పు వద్దు. నిద్రపట్టక కౌన్సెలర్ దగ్గరికి పోతే, ఆమె మా ఆయన్ను లోపలికి పిలిచి నేను చెప్పిందంతా చెప్పేసింది. ‘బంగారమసొంటి మొగడు, సర్దుకపో’ అన్నది. అప్పటిసంది ఇంట్ల నాతోని ఎవరూ మాట్లాడుతలేరు. ఆయన సంతకం లేకుంటే దవాఖానల చెయ్యరా? నేను పాపం చేస్తున్ననా?

జవాబు: ముందు ఆ కౌన్సెలర్ సంగతి. ఆమె చేసింది తప్పు. మీరు గదిలో చెప్పిన మాట మీ అనుమతి లేకుండా గడప దాటకూడదు. ప్రాణానికి ముప్పు లాంటి అరుదైన సందర్భాల్లో తప్ప దానికి మినహాయింపు లేదు. మీ కడుపు గురించి మీ అత్తమ్మకు ఒక అభిప్రాయం ఉంది, మీ ఆయనకు ఒకటి ఉంది, ఆ కౌన్సెలర్ తనదీ మూడోది కలిపింది. మీ అభిప్రాయం అడిగినవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు. ఇది రాస్తుంటే నాకూ సిగ్గుగానే ఉంది. ఈ పనిలోకి వచ్చిన కొత్తలో నాగర్‌కర్నూల్ వైపు నుంచి వచ్చిన ఒకావిడతో నేనూ ‘ఇంట్లో అడిగి రామ్మా’ అన్నాను. ఆమె మళ్లీ రాలేదు.

ఇక సంతకం. పద్దెనిమిదేళ్లు నిండిన స్త్రీకి గర్భస్రావం చేయడానికి 1971 చట్టం అడిగేది ఆమె ఒక్కదాని సమ్మతినే. భర్తది అడగదు, అత్తది అసలే అడగదు. భర్త సంతకం తెమ్మని పట్టుబట్టే ఆసుపత్రులు ఉన్నాయి. అది వాళ్ల అలవాటే గానీ చట్టం కాదు. ఇలా చట్టంలో లేని షరతులు పెట్టకూడదని 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. మీ పేరు, వివరాలు బయటపెట్టిన డాక్టరుకు ఏడాది వరకు జైలుశిక్ష పడొచ్చు.

అయితే ‘నాకు వద్దు’ అన్న మాట ఒక్కటే మన చట్టానికి సరిపోదు. 20 వారాల లోపైతే, కొనసాగితే తల్లి ప్రాణానికి ముప్పు అనో, శరీరానికో మనసుకో తీవ్రమైన హాని అనో ఒక డాక్టరు అభిప్రాయపడాలి. అది తేల్చేటప్పుడు మీ ఇంటి పరిస్థితులనూ లెక్కలోకి తీసుకోవచ్చు. అందుకే రెండో కాన్పులో పోయిన నెత్తురు, పట్టని నిద్ర, బలవంతంగా తీయించిన లూపు, ఇవన్నీ దాచకుండా చెప్పండి.

వారాలను నెల తప్పిన రోజు నుంచి లెక్కపెట్టకండి, చివరిసారి బయట చేరిన మొదటి రోజు నుంచి లెక్క. గర్భం తీసే మాత్రలు తొమ్మిది వారాల లోపే. మూడో నెల అంటున్నారు కాబట్టి అది దాటి ఉండొచ్చు. మెడికల్ షాపులో కిట్టు కొని ఇంట్లో మింగే పని మాత్రం పెట్టుకోవద్దు. ఒకసారి అంత రక్తం పోయిన మనిషికి అది మరీ ప్రమాదం.

మీ ఉత్తరంలో లేని మాట ఒకటి అడుగుతాను. ‘ముందు స్కానింగ్‌లో చూద్దాం, కొడుకైతే ఉంచుదాం’ అని ఇంట్లో ఎవరైనా అంటున్నారా? కడుపులో ఉన్నది ఆడో మగో చూడడం, చెప్పడం 1994 చట్టం ప్రకారం నేరం. ఆడపిల్లని తెలిసి తీయించుకొమ్మని ఒత్తిడి చేసినా, కొడుకు కోసం కనమని ఒత్తిడి చేసినా, రెండు చోట్లా తొక్కేసేది మీ మాటనే.

పాపమా అని అడిగారు. దానికి తీర్పు చెప్పే కుర్చీ నాది కాదు. మీ దేవుడితో మీకున్న లెక్క మీరు చూసుకోగలరు. ఒక్క పని చేయండి. పిల్లలు పడుకున్నాక, ఇంట్లో అలకలు, కోపాలు ఏమీ లేవనుకుని ఒక్కసారి ఆలోచించండి. అప్పుడూ వద్దనిపిస్తే వద్దు. ఉంచుకోవాలనిపిస్తే అదీ మీ ఇష్టమే, నేను కాదనను. అప్పుడు మాత్రం ఇప్పటి నుంచే పెద్ద ఆసుపత్రిలో చూపించుకుంటూ, పోయినసారి రక్తం పోయిన సంగతి ముందే చెప్పండి. అది మళ్లీ వచ్చే అవకాశం ఉంటుంది.

తరువాత పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ మాట వస్తే, అందరూ మీవైపే చూస్తారు. మగవాళ్లకు కోత, కుట్లు లేకుండా కొద్ది నిమిషాల్లో అయిపోయేది ఉంది. దానివల్ల లారీ నడిపే బలం తగ్గదు. మీ ఆయనకు ఈ మాట చెప్పడానికి భయమైతే ఆశా కార్యకర్తతో చెప్పించండి.

ఇంట్లో చెయ్యి లేస్తే, బయటికి పోనివ్వకపోతే మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి. మనసు మరీ కుంగితే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కు చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. కౌన్సెలర్‌ను మార్చండి. కొత్తామెతో కూర్చోగానే ‘నన్ను ఒక్కదాన్నే కూర్చోబెట్టి మాట్లాడండి, ఎవర్నీ పిలవొద్దు’ అని చెప్పండి. ఆమె నసిగితే లేచి వచ్చేయండి.

ఆసుపత్రికి పోయేటప్పుడు రెండో కాన్పు కాగితాలు పట్టుకెళ్లండి. తోడుకు ఎవరిని తీసుకుపోవాలో మీరే ఎంచుకోండి.