కుక్కపిల్లకు నట్టల మందు: పెద్దనాన్న ఉత్తరం

కావలి

చిరంజీవి అబ్బయ్యకు, పెద్దనాన్న ఆశీస్సులు.

నెలన్నర వయసున్న కుక్కపిల్లను తెచ్చుకున్నారని, దాని పొట్ట బానలాగా ఉబ్బి ఉందని, ఎంత పాలు తాగినా వెన్నెముక తేలే కనబడుతున్నదని మీ అమ్మ ఫోనులో చెప్పింది. పశువుల ఆసుపత్రిలో ముప్పై ఏళ్లకు పైగా కాంపౌండరుగా పనిచేసినవాణ్ణి కాబట్టి అది తిండి ఎక్కువైన పొట్ట కాదని, నట్టల పొట్ట, అంటే పేగుల్లో పురుగులు చేరిన పొట్ట, అయి ఉంటుందని వినగానే అనిపించింది. ఇంట్లో రెండేళ్ల పాప కూడా ఉంది కనుక ఫోనులో నాలుగు ముక్కలు చెప్పి ఊరుకోకుండా తీరికగా కూర్చుని రాస్తున్నాను.

గడప దాటని పిల్లకు పురుగులు ఎక్కడి నుంచి వస్తాయని నీవు అడిగావట. తల్లి నుంచే వస్తాయి. తల్లికుక్క కండరాల్లో కదలకుండా పడి ఉన్న ఏలికపాములనే గుండ్రటి పురుగుల లార్వాలు (పిల్లపురుగులు) అది చూలుతో ఉన్నప్పుడు మేల్కొని, మాయను దాటి కడుపులోని పిల్లలకు చేరతాయి. కొంకిపురుగులనే మరో రకం చనుబాలతో పాటు వస్తాయి. అందువల్లనే పుట్టిన 2 వారాలకు మొదటి మోతాదు వేసి, 8 వారాలు నిండేవరకు 15 రోజులకొకసారి, ఆపైన 6 నెలల వయసు వరకు నెలకొకసారి, ఆ తరువాత 3 నెలలకొకసారి మందు వేయించాలని చెబుతారు. ఒకసారి వేశాము కదా అని ఆపేసేవారు చాలామంది. మందు ఆ రోజు పేగుల్లో ఉన్న పురుగులనే చంపుతుంది. కాలేయం, ఊపిరితిత్తుల గుండా ఇంకా ప్రయాణంలో ఉన్నవి కొద్ది రోజులకు పేగుల్లోకి దిగుతాయి కాబట్టి మళ్లీ వేయక తప్పదు.

మోతాదు బరువును బట్టి ఉంటుంది. నీవు పిల్లను ఎత్తుకుని తూకం మీద నిలబడి, తరువాత నీ బరువు తీసివేస్తే దాని బరువు తెలుస్తుంది. పైరాంటెల్, ప్రాజిక్వాంటెల్, ఫెబాంటెల్ కలిసిన మాత్రను సాధారణంగా 10 కిలోల బరువుకు ఒకటి చొప్పున వేస్తారు. ఇంత చిన్న పిల్లకు సిరప్ రూపంలో ఉండేదే మేలు, అదెంతో డాక్టరు గారే చెప్పాలి. మందు వేసిన మరునాడు దొడ్డికి కూర్చున్నప్పుడు ఉడికించిన సేమ్యాలాంటివి చుట్టలుగా పడితే కోడలు భయపడకుండా ముందే చెప్పి ఉంచు.

కొంకిపురుగుల గురించి మాత్రం కొంచెం ఎక్కువగా రాస్తాను. నేను ఉద్యోగంలో చేరకముందు మా ఇంట్లో ఒక నల్ల కుక్కపిల్ల ఉండేది. అది రెండు రోజులు మూలన ముడుచుకుని పడుకుంటే ఎండదెబ్బ అనుకుని మజ్జిగ పట్టించాను, ఎవరో దిష్టి అంటే మా అమ్మ దిష్టి కూడా తీసింది. మూడవ రోజు పైపెదవి ఎత్తి చూస్తే గులాబీ రంగులో ఉండవలసిన చిగుళ్లు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. దొడ్డి తారులాగా నల్లగా వచ్చింది. ఆ సాయంత్రమే అది నా ఒడిలో పోయింది. పేగు గోడను కరిచి రక్తం తాగే పురుగులవి అని, చిన్న పిల్లలో ఉన్న గుక్కెడు రక్తం వాటికి ఎన్నాళ్లో చాలదని తరువాత నేర్చుకున్నాను. అందుకే చెబుతున్నాను, నీవు రోజూ ఉదయం దాని పెదవి ఎత్తి చిగుళ్లు చూడు. పాలిపోయినట్టు అనిపిస్తే ఆ పూటే ఆసుపత్రికి తీసుకువెళ్లు. నట్టలకని వెల్లుల్లి నూరి పెట్టవద్దు. అది కుక్కల రక్తకణాలనే దెబ్బతీస్తుంది.

ఇల్లు కట్టగా మిగిలిన ఇసుక ఇంకా వాకిట్లో కుప్పగా ఉందని విన్నాను. అబ్బయ్యా, నాకు అన్నిటికంటే ఆందోళన కలిగించేది ఆ కుప్పే. వీధికుక్కలు అందులోనే దొడ్డికి కూర్చుంటాయి, పాప అందులోనే ఆడుకుంటుంది. ఏలికపాము గుడ్డు బయట పడిన రోజున ఎవరికీ అంటదు. అది ముదరడానికి సుమారు రెండు, మూడు వారాలు పడుతుంది, ముదిరిన తరువాత మట్టిలో ఏళ్ల తరబడి బతికి ఉంటుంది. రోజుకొకసారి దొడ్డి ఎత్తి గుంతలో పూడ్చడం ఎందుకంత ముఖ్యమో దీన్నిబట్టే తెలుస్తుంది. ఆ గుడ్లు పాప చేతులకు అంటి నోట్లోకి పోతే లార్వాలు కాలేయానికీ, ఒక్కొక్కసారి కంటికీ చేరతాయి. కొంకిపురుగు లార్వాలైతే తడి ఇసుకలో వట్టి కాళ్ల చర్మం గుండానే దూరి, దురదతో ఎర్రటి వంకర గీతలు పెడతాయి. మన నెల్లూరు వైపు అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు వరకే కాబట్టి, ఆ తడి రాకముందే ఇసుక తీయించు, వీలుకాకపోతే టార్పాలిన్ కప్పి అంచుల మీద ఇటుకలు పెట్టు.

మాంసం కొట్టు నుంచి ఊరికే వచ్చే గొర్రె ఊపిరితిత్తులు, కాలేయం ముక్కలు పచ్చివిగా వేయవద్దు. గొర్రెల మందలున్న మన ప్రాంతంలో ఇది అందరికీ అలవాటు. వాటిలోని నీటితిత్తుల వలన కుక్కకు ఒక రకం బద్దెపురుగు (రిబ్బనులాంటి చదును పురుగు) పడుతుంది, దాని గుడ్లు మనిషికి చేరితే కాలేయంలో అటువంటి తిత్తులే పెరుగుతాయి. పెట్టదలిస్తే బాగా ఉడికించి పెట్టు. తోక కింద బియ్యపు గింజల్లాంటివి మెల్లగా కదులుతూ కనబడితే అది మరొక బద్దెపురుగు. బొచ్చులో గెంతే సన్నటి పురుగులను కుక్క కొరికి మింగడం వలన వస్తుంది కాబట్టి, వాటిని వదిలించకుండా నట్టల మందు ఎన్నిసార్లు వేసినా తిరిగి వస్తుంది.

పిడుదుల సంగతి కూడా ఇంతే. ఒక ఆడ పిడుదు రక్తం తాగి నిండి, కిందికి దిగి, గోడ పగుళ్లలో వేల గుడ్లు పెడుతుంది. కుక్క మీద కనబడేవి కొన్నే, మిగిలినవి గోడలోనూ, పడక కిందా ఉంటాయి. పగుళ్లు సిమెంటుతో పూడ్పించు, పడకగుడ్డలను వారానికొకసారి వేడినీళ్లలో ఉతికించు. పిడుదుల మందుల్లో చాలావరకు 8 వారాలు నిండని పిల్లలకు పనికిరావు కాబట్టి ప్రస్తుతానికి చెవుల లోపల, వేళ్ల సందుల్లో వెతికి, పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి నిదానంగా లాగి, సబ్బునీళ్లలో వేయి, గోటితో నలపవద్దు. కిరసనాయిలు రాయవద్దు. పొలంలో మిగిలిన పురుగుమందు పూసిన కుక్కలను నేను ఆసుపత్రిలో చూశాను. నోటి నుంచి చొంగ కారుతూ, ఒళ్లంతా వణుకుతూ వచ్చేవి, అన్నిటినీ బతికించలేకపోయాము. అదేవిధంగా పశువులకు వేసే ఐవర్‌మెక్టిన్ సూదిని ఎవరో చెప్పారని వేయించవద్దు, కోలీ వంటి కొన్ని జాతులకు అది ప్రాణాంతకం. పిడుదులు పట్టిన కుక్కకు జ్వరం వచ్చినా, ముక్కు వెంట రక్తం కారినా రక్తపరీక్ష ఆలస్యం చేయకూడదు.

రేపు ఉదయం ఆసుపత్రికి వెళ్లేటప్పుడు అప్పటికప్పుడు వేసిన దొడ్డిని చిన్న డబ్బాలో పట్టుకు వెళ్లు, సూక్ష్మదర్శినిలో చూసి ఏ పురుగో చెబుతారు. పిల్లను ఇచ్చిన ఇంటివారికి కూడా ఈ సంగతి తెలియజేయి. తల్లికీ, అక్కడ మిగిలిన పిల్లలకూ ఇవే పురుగులు ఉండి ఉంటాయి, వాటికీ ఈ వారంలోనే మందు పడాలి.

ఇట్లు,
మీ పెద్దనాన్న